పది బై పది ఖోలీలో హోం థియేటర్

దీపావళి బోనస్ చేతికి వచ్చిందంటే మన బస్తీల్లో రెండు సామాన్లు పక్కా దిగుతయి. ఒకటి ఆడోళ్లకు చీర, రెండోది పిల్లగాండ్లకు మోగే డబ్బా. అదే, హోం థియేటర్. ఐదు చిన్న స్పీకర్లు, ఒక పెద్ద బేస్ డబ్బా, ఒక రిమోట్. ఈ నెల నాకు వచ్చిన ఉత్తరాల్లో నాలుగు దీని మీదనే. ఒకటి భివండి నుంచి, ఒకటి ఇచల్‌కరంజి నుంచి, రెండు మన సోలాపూర్‌వి. నలుగురి మాటా ఒకటే: "మామా, డబ్బా కొత్తది, సప్పుడు మస్తు వస్తది, కానీ ఎవరేం మాట్లాడుతున్నరో తెలుస్తలేదు. ఇంకా పెద్దది తేవాల్నా?"

తేవద్దు. ముందు ఇది చదువుండ్రి, చెప్పింది చేసి చూడండ్రి, అటెంక కూడా అవసరం అనిపిస్తే తెచ్చుకుందురు. నేను ఇంజనీరును కాదు. నాలుగో తరగతి దాకా చదివిన. మిల్లులో సాంచే ఖాతాలో పనిచేసిన, మిల్లు మూతపడ్డంక మా తమ్ముని మైక్ సెట్ దుకాణంలో చేరి పెండ్లిళ్లకు, శ్రావణ పున్నమి మార్కండేయ రథోత్సవానికి స్పీకర్లు కట్టిన. ఎక్కడ కడితే మాట తెలుస్తది, ఎక్కడ కడితే గోల మాత్రమే మిగులుతది అన్న ఇద్యె అక్కడ పట్టుబడ్డది.

ముందు మన చెవుల సంగతి మాట్లాడుకోవాలె. నాడె మగ్గాల షెడ్డులో సప్పుడు 100 డెసిబెల్ దగ్గర్లో ఉంటది. డెసిబెల్ అంటే సప్పుడు కొలిచే గజం అనుకోండ్రి. పక్కపక్కన కూసొని మామూలుగ మాట్లాడుకుంటే 60 దగ్గర ఉంటది. ఫ్యాక్టరీల నియమాల్లో 90 డెసిబెల్ సప్పుడులో రోజుకు 8 గంటలు, 100 అయితే 2 గంటలు మించి మనిషిని ఉంచొద్దని ఉంది. మనమేమో 12 గంటల పాళీలు చేసినం. చెవుల్లో చిందీ ముక్క పెట్టుకున్నోడే తెలివైనోడు. మనోళ్లు ఎదుటోని పెదవులు చూసి మాట పట్టుడు నేర్చింది ఆ షెడ్డులోనే. నాలుగు సాంచాల అవతల జాబర్ ఏమంటున్నడో చెవితో కాదు, కండ్లతో విన్నం.

ఇట్ల పోయిన వినికిడికి ఒక గుణం ఉంది. అన్ని సప్పుళ్లు ఒకేసారి పోవు, సన్నటియి ముందు పోతయి. లావుటియి చానా ఏండ్లు మంచిగనే వినిపిస్తయి. అందుకే మన ముసలోడు "నాకు చెవుడేం లేదు, లారీ హారన్ వినిపిస్తలేదా?" అని కొట్లాడుతడు. లారీ హారన్ వినిపిస్తది, నిజమే. కానీ మాటలో అర్థం ఎక్కడుంటదో చూడండ్రి. తాత, కాక, పాప అని మూడు మాటలు పైకి అనుండ్రి. మూడింటిలో 'ఆ' ఒకటే. వాటిని వేరు చేసేది త, క, ప. ఆ 'త'ను 'క'ను గుర్తు పట్టించే ముక్క సన్నగ, చిన్నగ, కండ్లు మూసి తెరిచేలోపు పోయేది. 'స', 'ష' ఇంకా సన్నటియి. చెవికి ఆ సన్న ముక్కలు అందకపోతే తాత వచ్చిండో పాప వచ్చిందో తెల్వది, ఎవరో "ఆఁ... ఆఁ" అన్నట్టు ఉంటది. అప్పుడు వాల్యూం పెంచితే 'ఆ' చెవులు పగిలేట్టు పెద్దగైతది, 'త' ఇంకా అడుగునే ఉంటది. ఇంట్ల ఉన్న పిల్లలు చెవులు మూసుకుంటరు, ముసలోనికి మాత్రం ఇంకా తెలుస్తలేదు. లొల్లి ఇక్కడ మొదలైతది.

ఇగ ఖోలీ సంగతి. మన చాల్‌లో ఖోలీలు పది బై పది, కొన్ని పది బై పన్నెండు. కింద షాహబాద్ ఫరశీ, లేకుంటే టైల్స్. నాలుగు గోడలు సిమెంటు, పైన స్లాబు గానీ పత్రా గానీ. అన్నీ గట్టియే. సప్పుడు సెకనుకు 1,100 అడుగుల పైన ఉరుకుతది. పదడుగుల ఖోలీలో అది ఒక్క సెకనులో ఆ గోడకు ఈ గోడకు 110 సార్లు తిరగొచ్చు, మధ్యలో దాన్ని మింగేది ఏమీ లేకుంటే. టీవీలో ఒకడు ఒక మాట అంటడు. ఆ మాట గోడలకు తగిలి తిరిగి వచ్చి, తర్వాత అన్న మాట మీద పడతది. పెండ్లి కోసం సామాను మొత్తం బయట పెట్టి సున్నం వేసిన ఇంట్ల మాట్లాడి చూసిండ్రా? మాట మోగుతది. అదే ఇంట్ల పరుపులు, బట్టల మూటలు, మనుషులు వచ్చినంక మోత పోతది. మెత్తటివి మింగినయి.

మీ ఖోలీ ఎట్లుందో తెల్వాలంటే నడిమిట్ల నిలబడి ఒక్క చప్పట్లు గట్టిగ కొట్టుండ్రి. 'టప్' అని ఆగితే మంచి ఖోలీ. 'టన్న్...' అని తోక మిగిలితే ఆ తోకే మీ డైలాగులను తింటున్నది. దానికి పెద్ద డబ్బా తెస్తే తోక కూడా పెద్దగైతది, అంతే.

తోక కోయడానికి మనకంటే ఎక్కువ సామాను ఎవరి దగ్గర ఉంది చెప్పండ్రి! పట్నంలో షోకు ఉన్నోళ్లు గోడలకు పెట్టే మెత్తటి పలకలు కొనుక్కుంటరు. మన ఇండ్లల్ల సోలాపూర్ చాదర్లు, టర్కీ టవళ్లు, అమ్మలు కుట్టిన బొంతలు అటక మీద పడి ఉన్నయి. అవే కావాలె. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోవాలె: ఒక్క పొర చాదర్‌ను గోడకు సాపుగ అతికించినట్టు కడితే పెద్దగ లాభం లేదు. కొంచెం సన్న సప్పుడు మింగుతది, మిగిలింది గోడకు తగిలి వాపసు వస్తది. రెండు పనులు చేయాలె. బట్టకు కుచ్చిళ్లు రావాలె, అంటే నాలుగడుగుల గోడకు ఎనిమిదడుగుల బట్ట. రెండోది, బట్టకూ గోడకూ నడుమ రెండు మూడు అంగుళాల సందు ఉండాలె. గోడకు చెక్క ముక్కలు కొట్టి, వాటి మీద కర్ర పెట్టి పరదా లెక్క వేలాడదీయాలె. సందులోంచి పోయి వచ్చే సప్పుడును బట్ట రెండు సార్లు పట్టుకుంటది.

బొంత అయితే ఇంకా మంచిది. పాత చీరలు నాలుగైదు పొరలు వేసి కుట్టిన బొంతను మీరు కూసునే చోటు వెనక గోడకు వేలాడదీస్తే సగం పని అక్కడనే అయితది. సెకండ్ల టవళ్లు ఉంటే నాలుగు మడతలు వేసి చెక్క ఫ్రేములో బిగించుకోవచ్చు. అది పక్క గోడలకు. పక్క గోడ మీద ఎక్కడ పెట్టాల్నో తెలుసుకొనే ఉపాయం ఒకటుంది, పిల్లలకు ఆట లెక్క కూడా ఉంటది. మీరు కూసునే చోట కూసొండ్రి. పిల్లగాడు ఒక చిన్న అద్దం పట్టుకొని మీ చెవి ఎత్తులో గోడ వెంట జరుపుకుంట పోవాలె. అద్దంలో మీకు ఎక్కడ స్పీకర్ కనిపిస్తదో, సప్పుడు గోడకు కొట్టుకొని మీ దగ్గరకు వచ్చే జాగా అదే. అక్కడ టవల్ ఫ్రేము పెట్టుండ్రి. గోడ మొత్తం కప్పనవసరం లేదు. కింద ఫరశీ మీద, టీవీకి మీకు నడుమ, ఒక మందం జంపఖానా పరిస్తే చాలు.

గుడ్ల ట్రేలు అతికిస్తే సప్పుడు ఆగుతదని ఎవరన్నా చెప్తే నమ్మవద్దు. పల్చటి అట్ట, మింగేది చానా తక్కువ. థర్మాకోల్ కూడా అంతే. పైగా రెండూ అంటుకుంటే ఆగవు. మంటల మాట వచ్చింది కాబట్టి: ఒకే ఖోలీలో ఒక మూలన స్టవ్ ఉన్న ఇండ్లు మనవి. స్టవ్ దిక్కు, దేవుని దీపం దిక్కు, స్విచ్ బోర్డు మీద, లూజు వైర్ల దగ్గర ఏ బట్టా కట్టవద్దు. నూలు దూది ఎంత తొందరగ పట్టుకుంటదో మిల్లులో చూసినోళ్లకు నేను చెప్పే పని లేదు. వేలాడదీసినవి నెలకు ఒకసారి దులిపి ఉతకాలె. దుమ్ము, దూదితో ఇప్పటికే దమ్ము పట్టినోళ్లు ఇంట్ల ఉన్నరు.

ఇగ స్పీకర్లు పెట్టే తీరు. మన ఇండ్లల్ల నేను చూసేది ఏందంటే, జాగా లేదని స్పీకర్లను అటక మీద, కప్బోర్డు మీద, ఒక్కోసారి తలుపు పైన మేకుకు తగిలిస్తరు. మనం కూసునేది కింద చాప మీద. సన్న సప్పుడు టార్చి వెలుగు లెక్క తిన్నగ పోతది. మీ తల మీదుగ పోయి వెనక గోడకు తగులుతది. ఇప్పటికే సన్న సప్పుడు అందని చెవికి ఉన్నది కూడా అందకుండ చేసినట్టు. కింద కూసుంటే చెవి నేల నుంచి రెండున్నర, మూడడుగుల ఎత్తులో ఉంటది. ముందు స్పీకర్లు ఆ ఎత్తుకు దించుండ్రి, మూతి మీ దిక్కు తిప్పుండ్రి. షోకేసు లోపల అద్దం వెనక పెట్టవద్దు.

ఐదు స్పీకర్ల సెట్టులో నడిమి స్పీకర్ ఒకటి ఉంటది. మాటలు చానా మటుకు దాంట్లోంచే రావాలె. ఉత్తరం రాసినోళ్లలో సోలాపూర్ ఆయన ఒకరి ఇంటికి పోయి చూసిన. నడిమి స్పీకర్ టీవీ వెనక పడుకొని ఉంది, దాని ముంగట గణపతి ఫొటో. ఫొటోను గౌరవంగ వేరే చోట పెట్టి, స్పీకర్‌ను టీవీ కిందికి తెచ్చినం. వైర్లు కూడా చూడాలె. ఒక స్పీకర్‌కు ఎర్ర నల్ల తారుమారైతే సప్పుడు ఆగదు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. కానీ రెండు స్పీకర్లు ఒకదానితో ఒకటి కొట్లాడుకొని మాట నడిమిట్ల నిలబడకుండ ఖోలీ అంతా తేలుతది, బేస్ కూడా సన్నబడతది.

రిమోట్‌లో 'హాల్', 'స్టేడియం' అనే బటన్లు ఉంటే ముట్టవద్దు. అవి లేని మోతను తెచ్చి కలుపుతయి, మన ఖోలీలో ఉన్న మోత చాలదా? 'క్లియర్ వాయిస్', 'డైలాగ్' లాంటిది ఉంటే అది వేయాలె. 'నైట్ మోడ్' ఉంటే అది కూడా పనికి వస్తది. ఫైటింగ్ సప్పుడును కొంచెం దించి, గుసగుసలను కొంచెం ఎత్తుతది. బేస్‌ను సగం కంటే కిందికి, ట్రెబుల్‌ను సగం కంటే కొంచెం పైకి. పిల్లగాండ్లు మొహం మాడుస్తరు, తెలుసు. వాళ్లకు బేస్ లేకుంటే సినిమా కాదు.

బేస్ డబ్బా గురించి వాళ్లతో ఇట్ల మాట్లాడుండ్రి. ఆ డబ్బాను మూలకు పెడితే బేస్ పెరుగుతది. మూలల్లో, గోడల దగ్గర అది కుప్ప పడతది. నాలుగు దిక్కులా ఒకటే కొలత ఉన్న ఖోలీలో ఇంకా అన్యాయం, ఏదో ఒక్క స్వరం మాత్రం 'గూఁ' అని ఊగుతది, మిగిలినవి అందులో మునుగుతయి. డబ్బాను మూలలోంచి తీసి, ముందు గోడ వెంట ఒక అడుగు ఒక అడుగు జరుపుకుంట పోవాలె, ఎక్కడ 'గూఁ' తగ్గి దెబ్బ తెలుస్తదో అక్కడ ఆపాలె. మనం కూసునేది కూడా వెనక గోడకు వీపు ఆనించి కాదు, ఖోలీకి సరిగ్గా నడిమిట్ల కూడా కాదు. పదడుగుల ఖోలీలో టీవీ గోడ నుంచి ఆరడుగుల దూరం మంచి జాగా. ఇంకొకటి: గిన్నెల స్టాండు. బేస్ కొట్టినప్పుడల్లా స్టీలు గిన్నెలు, పళ్లేలు సన్నగ గలగలమంటయి. అది ఎక్కడ్నుంచి వస్తున్నదో తెల్వక స్పీకర్ చినిగిందని దుకాణానికి మోసుకుపోయినోళ్లను చూసిన. స్టాండు అరల్లో పాత టవల్ పట్టీలు పరుస్తే పోతది. పత్రా రేకు మోగుతుంటే వదులైన బోల్టు కింద రబ్బరు వాషరు వేయాలె.

పక్కింటి సంగతి వేరు, దీన్ని కలిపి చూడొద్దు. గోడకు బొంత కడితే మన ఖోలీలో మోత తగ్గుతది, పక్కింటికి పోయే బేస్ ఆగదు. లావు సప్పుడు బట్టను లెక్కచేయదు, ఇటుక గోడనే ఊపుకుంట పోతది. దానికి మందు మూడే. డబ్బాను ఉమ్మడి గోడకు దూరం జరపడం, కింద మందం రబ్బరు ముక్కలు పెట్టడం, రిమోట్ మీద బేస్ తగ్గించడం. సాంచా కాళ్ల కింద రబ్బరు ఎందుకు వేస్తరో అందుకే ఇది. మన చాల్‌లో రాత్రి పాళీ చేసి వచ్చి పగటి పూట పడుకున్న మనిషి ఎప్పుడూ ఒకడుంటడు. ప్రభుత్వ నియమాల్లో రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఇండ్లున్న చోట హద్దు 45 డెసిబెల్, పగలు 55 అని ఉంది. రాత్రి పాళీ వాడు పగలు నిద్రపోతడని నియమాలు రాసినోళ్లకు తెల్వదు. మనకు తెలుసు. పొద్దున పూట సినిమా పెట్టే ముందు ఆ ఇంటి తలుపు మూసి ఉందా తెరిచి ఉందా చూసి బేస్ పెట్టుండ్రి.

ఇదంతా చేసినంక ఏం జరుగుతది? మా గల్లీలో ఒక ఇంటి ముచ్చట చెప్తా, పేరు రాయను. పెద్దమనిషి ముప్పై ఏండ్లు నాడె మగ్గాల మీద పనిచేసినోడు. 1986లో 'సింహాసనం' వచ్చినప్పుడు, తెలుగులో మొదటి 70 ఎంఎం సినిమా అది, దాన్ని చూడడానికి సెలవు పెట్టి ఊరికి పోయి వచ్చినంత పిచ్చి. అలాంటోడు ఏడాది నుంచి టీవీ ముంగట కూసోడు. టీవీ పెట్టంగనే బయట అరుగు మీద పోయి కూసుంటడు. ఇంట్లో వాళ్లు అలిగిండనుకున్నరు. కోడలైతే "నేనేమన్న అన్ననా మామయ్యా" అని ఏడ్చిందట కూడా. అలుగుడు కాదు. అందరూ నవ్వినప్పుడు ఎందుకు నవ్విండ్రో తెల్వక, ప్రతిసారి "ఏమన్నడు, ఏమన్నడు" అని అడగడానికి సిగ్గయి లేచి పోతున్నడు. మేము ఖర్చు పెట్టింది చెక్క ముక్కలకు, మేకులకు, కొంచెం వైరుకు. బొంత వాళ్ల అమ్మ కుట్టిందే. నడిమి స్పీకర్‌ను దించి, బేస్ తగ్గించి, ఆయన మంచం ఎడమ చెవి దిక్కు, అది కొంచెం మంచి చెవి, జరిపినం. ఆ రాత్రి పాత కామెడీ సీన్ ఒకటి వస్తుంటే ఆయన అందరితో పాటే నవ్విండు. అందరి నవ్వు చూసి వెనక నుంచి నవ్వుడు కాదు, అందరితో పాటు. వాల్యూం మాత్రం మొన్నటి దాంట్లో సగమే ఉంది.

అట్ల కుదరని ఇంట్ల ఇంకో ఉపాయం. ముసలోళ్ల తల దగ్గర, రెండడుగుల దూరంలో, ఒక చిన్న స్పీకర్ వేరేగ పెట్టి టీవీ మాటలను దాంట్లోకి తీయాలె. చెవికి దగ్గరున్న చిన్న సప్పుడు, దూరమున్న పెద్ద సప్పుడు కంటే తేటగ ఉంటది. గోడల మోత దాని మీద పడేలోపే మాట చెవిలో పడతది. హెడ్‌ఫోను పెడితే ఇంకా తేటగ వినిపిస్తది కదా అని అడిగిండ్రు ఒకరు. వినిపిస్తది. నాకు మాత్రం ఇష్టం లేదు. ఆయనకు సినిమా వినిపిస్తది, పక్కన కూసున్న మనవరాలు ఏమంటుందో వినిపించదు.

ఖోలీ బాగైనా మాట తెలుస్తలేదంటే చెవి పరీక్ష చేయించాలె. సివిల్ హాస్పిటల్‌లో చెవి, ముక్కు, గొంతు విభాగానికి పోతే ఆడియోమెట్రీ అని చేస్తరు, నొప్పి లేదు, సన్న కూత వినిపించినప్పుడు బటన్ నొక్కుడే. సప్పుడు వల్ల పోయిన వినికిడి వాపసు రాదు, కానీ మిషన్ పెట్టుకుంటే పోయిన సన్న ముక్కలను అది ఎత్తి ఇస్తది. 60 దాటిన తక్కువ ఆదాయం వాళ్లకు కేంద్రం రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద చెవి మిషన్లు ఉచితంగ ఇస్తది, 2017 నుంచి నడుస్తున్నది. ఇంకా ఈఎస్ఐ కార్డు మీద పని చేస్తున్నోళ్లు ఒకటి తెలుసుకోవాలె: సప్పుడు వల్ల వచ్చే వినికిడి లోపం చట్టంలో వృత్తి రోగాల జాబితాలో ఉంది. రిటైరయ్యే దాకా ఆగకుండ ఇప్పుడే పరీక్ష చేయించి కాగితం దగ్గర పెట్టుకోండ్రి.

పిల్లలకు ఒక కొలత చెప్పి పెట్టండ్రి. చేయి చాపితే అందే దూరంలో ఉన్న మనిషికి ఒర్రి చెప్పాల్సి వస్తే సప్పుడు మితిమీరింది. సినిమా అయిపోయినంక చెవిలో 'కుయ్' అని మోగితే ఇంకా మించింది. అదే 'కుయ్' మనకు పాళీ దిగినంక రోజూ ఉండె, దాన్ని మనం లెక్కచేయలేదు, మనకు చెప్పినోళ్లూ లేరు.

ఇది చదివి పని మొదలు పెట్టేటోళ్లు మీ ఖోలీ పొడుగు, వెడల్పు, ఎత్తు, తలుపు ఎటు, కిటికీ ఎటు, స్టవ్ ఎక్కడ, ఉమ్మడి గోడ ఏది అని ఒక కాగితం మీద బొమ్మ గీసి పంపుండ్రి. బొమ్మ వంకరైనా ఫర్వాలేదు. కింది అంతస్తులో సాంచాలు నడిచే ఇల్లయితే అది కూడా రాయండ్రి, దానికి కిటికీ పని వేరేగ ఉంటది, వచ్చే నెల చెప్తా.